మానని పుండుతో బతుకు: మందుతో పాటు ఇంకేం కావాలి?

నాలుగు నుంచి ఆరు వారాలు గడిచినా మానని పుండును వైద్యులు సాధారణంగా దీర్ఘకాలిక పుండుగా లెక్కిస్తారు. షుగర్ ఉన్నవారి అరికాలి పుళ్లు, వెరికోస్ వెయిన్స్ వల్ల చీలమండ పైన వచ్చేవి, మంచాన పడ్డవారికి ఒత్తిడి వల్ల పడేవి ఈ కోవలోవే. షుగర్ ఉన్నవారిలో నూటికి 19 నుంచి 34 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడుతుందని అంచనా.

రోజు గడిచే తీరు

పుండు మానిందా అని అందరూ అడుగుతారు. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవారు తక్కువ. 2004లో వెలువడిన 'కార్డిఫ్ ఊండ్ ఇంపాక్ట్ షెడ్యూల్' అనే ప్రశ్నావళి నిద్ర, నొప్పి, వాసన, స్నానం, నడక, నలుగురిలోకి వెళ్లడం గురించి కూడా అడుగుతుంది. వాసన వస్తుందనే సిగ్గుతో చాలామంది పెళ్లిళ్లకు, మస్జిద్‌కు వెళ్లడం మానేస్తారు. వాసన సాధారణంగా సూక్ష్మజీవుల వల్ల, చచ్చిన కణజాలం వల్ల వస్తుంది. పుండు శుభ్రం చేయించి, సరైన డ్రెస్సింగ్ వేయిస్తే చాలావరకు తగ్గుతుంది. డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

వుజూ, నమాజ్

పుండు కారుతోంది కాబట్టి నమాజ్ చెల్లదని కొందరు వదిలేస్తారు. అది అపోహ. కట్టు విప్పితే హాని అనుకుంటే కట్టు మీదే తడి చేత్తో మసహ్ చేయవచ్చు. నీళ్లే పడని రోగికి తయమ్ముమ్ ఉంది (ఖుర్ఆన్ 4:43, 5:6). ఆగకుండా కారే పుండు ఉన్నవారు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మాజూర్. ప్రతి నమాజ్ వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే, పుండు కారినా ఆ వేళ ముగిసేదాకా సరిపోతుంది. ఎవరి పరిస్థితికి ఏది వర్తిస్తుందో ఆలిమ్‌ను అడగాలి.

ఖాయిదాలో కూర్చున్నప్పుడు పాదం మీద బరువు పడుతుంది. డాక్టర్ వద్దంటే కుర్చీలో కూర్చుని చదవవచ్చు. రోజా విషయం రంజాన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. రోగికి మినహాయింపు ఉంది (2:185).

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

షుగర్ వల్ల పాదం మొద్దుబారితే నొప్పి తెలియదు. నొప్పి లేదని నడుస్తూ ఉంటే పుండు మానదు. దాని మీద బరువు పడకుండా చూడటమే చికిత్సలో సగం. రోజూ అరికాలు ఎవరైనా చూడాలి. పుండు మీద పసుపు, కాఫీ పొడి చల్లకూడదు, కాలిని వేడినీళ్లలో పెట్టకూడదు. మానాక ఎంసీఆర్ చెప్పులు వాడాలి. జ్వరం, పాకే ఎరుపు, వాపు, నల్లబడటం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కట్టు మార్చే పని ఒక్కరి మీదే పడకుండా పంచుకోవాలి. అబ్బా అయినా, అమ్మీ అయినా, దస్తర్‌ఖాన్ దగ్గర వారి చోటు వారికే ఉండాలి.