ప్యూరిటనులు : నియమము, అక్షరము, అంతరాత్మ



నేడు నేను చెప్పబూనిన చరిత్ర మన పల్లెలకు మిక్కిలి దూరమున, సముద్రముల కావల జరిగినది. అయినను దాని కొస యొకటి మన పాలమూరు, నల్లగొండ సీమలకు వచ్చి చేరినది. అందుచేత గ్రామములందు నలుగురికి బుద్ధి చెప్పు స్థానమున నున్న మీవంటి పెద్దలు దీనిని తెలిసికొనదగునని నా యభిప్రాయము.

16వ శతాబ్దమున ఇంగ్లండు దేశము రోమాపురి పోపు నధికారమునుండి విడివడెను. కాని ఆరాధనలలోని ఆడంబరమును, బిషపుల పెత్తనమును చాలవరకు నిలిచియుండెను. ఇవి బైబిలు గ్రంథమున లేనివి గనుక తొలగింపవలెనని పట్టుపట్టినవారిని లోకులు ఎగతాళిగా ‘ప్యూరిటను’లనిరి. శుద్ధివాదులని దాని తాత్పర్యము. ఎగతాళికి పెట్టిన పేరే వారికి నిలిచిపోయినది. రాజాధికారుల నిర్బంధమును సహింపలేక వారిలో కొందరు 1620లో ‘మేఫ్లవర్’ అను నోడ నెక్కి అమెరికా తీరము చేరిరి. 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకుడుగా సుమారు వేయిమంది మసాచుసెట్సు తీరమున దిగి బోస్టను పట్టణమును నెలకొల్పిరి.

వారి విశ్వాసములలో ముఖ్యమైనది పూర్వనిర్ణయము. ఎవరికి మోక్షము గలుగునో దైవము సృష్టికి ముందే నిశ్చయించెనని వారు నమ్మిరి. ఇది మన తలవ్రాతయే కదా యని మీ రనవచ్చును. భేదము కలదు. మన తలవ్రాతకు వెనుక మన పూర్వకర్మ యున్నది; వారి నిర్ణయమునకు దైవేచ్ఛయే తప్ప మానవుని కర్మ కారణము గాదు. అట్లని వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తాము దైవమెన్నుకొనినవారమా కాదా యని తమ నడవడిలో గుర్తులు వెదకుకొనిరి. పలువురు దినచర్య వ్రాసికొని, ఆనాటి తప్పొప్పులను తామే విచారించుకొనిరి. సోమరితనము పాపమనియు, రైతు నాగలియైనను కమ్మరి కొలిమియైనను దైవమిచ్చిన పనియే యనియు తలచిరి. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు బోధించిన కాయకము నెరిగిన మనకు ఈ మాట క్రొత్త గాదు.

వారి సద్గుణములలో నా వంటి బడిపంతులు మరువరానిది విద్యాభిమానము. దైవవాక్యమును ప్రతివాడును స్వయముగా చదువుకొనవలెను గాని పురోహితుని నోట విని ఊరకుండరాదని వారి మతము. బోస్టను వెలసిన ఆరేండ్లకే, 1636లో, హార్వర్డు కళాశాలకు పునాది వేసిరి. పిల్లలకు చదువు నేర్పుట తల్లిదండ్రుల విధియని 1642లో శాసించిరి. 50 ఇండ్లున్న ప్రతి యూరును ఒక ఉపాధ్యాయుని నియమింపవలెననియు, 100 ఇండ్లున్నచో లాటిను నేర్పు బడి పెట్టవలెననియు 1647లో మరియొక శాసనము చేసిరి.

ఇంతటివారు వేరొక విషయమున మిక్కిలి కఠినులైరి. తమ అంతరాత్మ కొరకై దేశము విడిచి వచ్చినవారు ఇతరుల అంతరాత్మకు చోటీయరైరి. సంఘసభ్యుడు గానివానికి ఓటు హక్కు లేదని 1631లోనే నిర్ణయించిరి. క్రిస్మసు పండుగ గ్రంథమున లేదని 1659లో నిషేధించి, జరుపుకొన్నవారికి 5 షిల్లింగుల జుల్మానా విధించిరి. క్వేకరులను శాంతిపరుల శాఖవారిని నలుగురిని 1659 మొదలు 1661 లోపల ఉరి తీసిరి. అందు మేరీ డయరను స్త్రీ యొకతె. 1692లో సేలము గ్రామమున చేతబడి చేసిరను నెపముతో 19 మందిని ఉరి తీసిరి. ఆ న్యాయాధిపతులలో నొకడగు సామ్యూల్ స్యూవల్ 1697లో దేవాలయమున నిలువబడి, తన దోషమును అందరియెదుట నొప్పుకొనెను. ఆత్మవిచారము నేర్చిన సమాజమునకే అది సాధ్యమని చెప్పవలెను. కాని పోయిన ప్రాణములు మరలి రాలేదు.

రోజర్ విలియమ్సను బోధకుడు, మనస్సాక్షి విషయమున ప్రభుత్వమున కధికారము లేదని వాదించెను. 1635లో అతనికి దేశబహిష్కార దండన విధించిరి. అతడు 1636లో నారగాన్సెట్టు జాతివారియొద్ద భూమి పడసి ప్రావిడెన్సు అను నూరు కట్టి, అన్ని మతములవారికిని అందు చోటిచ్చెను. అమెరికాలో మొదటి బాప్టిస్టు సంఘము 1638లో అచ్చటనే ఏర్పడినది. తెలివి వచ్చి, తన మనస్సుతో నొప్పుకొన్నవానికే బాప్తిస్మము తగుననియు, శిశువులకు తగదనియు ఆ శాఖవారి సిద్ధాంతము. ఈ మతము చెప్పినందుకు ఒబడయా హోమ్స్ అనువానిని 1651లో బోస్టనులో 30 కొరడా దెబ్బలు కొట్టిరి.

ఆ దెబ్బలు తిన్న శాఖయే కాలక్రమమున మన దేశమునకు వచ్చినది. అమెరికను బాప్టిస్టు బోధకుడు సామ్యూల్ డే 1836లో తెలుగుదేశమున కాలు మోపి, 1840లో నెల్లూరున స్థిరపడెను. 1885లో ఎల్బర్ట్ చ్యూట్ నిజాము రాజ్యమందలి పాలమూరు చేరెను. 1890లో రుష్యానుండి వచ్చిన అబ్రహాము ఫ్రీసెన్ నల్లగొండలో నిలిచెను. ఇతడు మెన్నొనైటు శాఖవాడు. శిశువులకు బాప్తిస్మము తగదన్నందుకే ఐరోపాలో పూర్వము హింసల పాలైన జనుల సంతతివాడు.

వీరి బోధను స్వీకరించినవారిలో అధికులు ఊరిచివర వాడలవారు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు — ఒంగోలు ప్రాంతమున జాన్ క్లో దొర పెట్టిన నియమము లివి. జాతరకు డప్పు కొట్టము, ఆదివారము వెట్టికి రామని వారనగా గ్రామపెద్దలు దానిని తిరుగుబాటుగా నెంచి, పని మాన్పించి, బావినీరు నాపిన యూళ్లు కలవు. ఆనాడు బోస్టను న్యాయాధిపతులు కూర్చున్న గద్దెపై ఇచ్చట కూర్చున్నది మన పెద్దలే యని చెప్పక తప్పదు. క్రొత్త నియమములచే ఆ వాడలలో కొన్ని పాటలును పండుగలును అంతరించిన మాటయు సత్యమే. అయినను తాను ఏరుకొన్న దానిని విడిచిన బాధ వేరు, పరులు విడిపించిన బాధ వేరు.

నా శిష్యుడొకడు తన ముత్తవ్వను గూర్చి చెప్పిన మాట నా మనస్సున నిలిచియున్నది. ఆమె నడివయస్సున బైబిలు చదువుటకే అక్షరములు నేర్చెనట. పిదప ఆ యక్షరములతోనే తన పెనిమిటి వేలిముద్ర వేసిన అప్పుకాగితము చదివి, అందున్న మొత్తము తీసికొన్న దానికంటె హెచ్చని కనిపెట్టెనట. దైవముకొరకు నేర్చిన అక్షరము లోకవ్యవహారమునందును కన్ను తెరిపించును.

శుద్ధివాదులనుండి మనము గ్రహింపవలసినది ఇదియే. నియమమును తనపై పెట్టుకొన్నవాడు తపస్వి. దానినే పొరుగువాని మెడకు కట్టినవాడు దండనాధికారి. వారు రెండును చేసిరి. మొదటిది బడులను కట్టించినది, రెండవది ఉరికొయ్యలను నాటించినది. మీ యూరి రచ్చకట్టపై నొకని మతమును గూర్చియో, ఆహారమును గూర్చియో, వివాహమును గూర్చియో తీర్పు చెప్పవలసివచ్చినపుడు, ఈ రెంటిలో దేనివైపు మ్రొగ్గుచున్నామో ఒక్క క్షణము విచారించి మాటాడుడని మిమ్ము కోరుచున్నాను.