కమాను కట్ట (కృష్ణా డెల్టా)

కమాను కట్ట అంటే వాహనం ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య బిగించే ఉక్కు పట్టీల కట్ట. అన్నిటికన్నా పొడవైన మెయిన్ పట్టీ పైన ఉంటుంది. దాని కింద ఒకదాన్ని మించి ఒకటి పొట్టివవుతూ మిగతావి ఉంటాయి. చక్రం గోతిలో పడితే కట్ట వంగి దెబ్బను తాను తీసుకుంటుంది, పట్టీల మధ్య రాపిడి ఆ ఊపును చల్లారుస్తుంది. మోసే బరువుకూ నడిచే నేలకూ తగినట్టు పట్టీలు కలపడం, తీయడం, వంపు సరిచేయడం విజయవాడ ఆటోనగర్‌లో వేళ్లూనిన విద్య.

తొలి దశ

డెల్టాలో శతాబ్దాల తరబడి ఎడ్లబండికి కమాను లేదు, బండిలో పరిచిన వరిగడ్డే మెత్త. బండ్లకు కమాన్లు వేసే పద్ధతికి లండన్‌లో ఒబడియా ఇలియట్ 1804లో పేటెంటు పొందాడు. ఆ పద్ధతి మన ఊళ్లకు ముఖ్యంగా జట్కాలతో చేరింది. 1855లో కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాక ధాన్యం చాలావరకు కాలువల్లో పడవల మీదే సాగింది. బండి పని పొలం నుంచి కాలువ గట్టు దాకానే. ఎడ్లబండికి తర్వాత గాలి టైర్లు వచ్చాయి గానీ, ‘టైరు బండి’కీ కమాను అవసరం పడలేదు.

లారీల రాక

1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ మొదలై 1955లో అశోక్ లేలాండ్ అయింది. 1954లో టాటా సంస్థ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ ప్రారంభించింది. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయి కృష్ణ మీదుగా రోడ్డు దారి ఏర్పడింది. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి (పాత 5, 9 నంబర్లు, ఇప్పటి 16, 65) విజయవాడలో కలుస్తాయి. ఆ కూడలి చుట్టూ లారీ యజమానులు, డ్రైవర్లు, మెకానిక్కులు పెరిగారు.

డెల్టా నేల చాలావరకు నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద వేసిన రోడ్డు ఒక్క తీరున నిలవదు. కంపెనీ బిగించి పంపిన కట్టను ఇక్కడి బరువులకూ రోడ్లకూ తగ్గట్టు మార్చుకోవలసి రావడానికి ఇదొక కారణం. 75 కిలోల ధాన్యం బస్తాలు వంద ఎక్కిస్తే ఏడున్నర టన్నులు. అదే లారీ మరునాడు ఖాళీగా తిరిగి రావాలి. నిండు బండికి సరిపోయే కట్ట ఖాళీ బండిని ఎగరేస్తుంది, ఖాళీకి సుఖమైనది నిండు బరువుకు దిగిపోతుంది. ఈ పనిలోని చిక్కంతా ఇదే.

ఆటోనగర్

1960లలో విజయవాడ తూర్పు వైపున జవహర్ ఆటోనగర్ ఏర్పడింది. ఇలాంటి వాటిలో ఇది ఆసియాలోనే పెద్దదని ప్రతీతి. బాడీ కట్టేవారు, లేత్ పనివారు, రేడియేటర్, టైరు, పెయింటు పనివారు ఒకేచోట ఉండటంతో కమాను కట్టకూ ప్రత్యేక షెడ్లు వెలిశాయి.

ఇక్కడి పద్ధతి చూడముచ్చటైనది. బండిని చదునైన చోట నిలిపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా రెండు పక్కలా టేపు పెట్టి కొలుస్తారు. కొలత తక్కువ వచ్చిన పక్క కట్ట దిగిపోయినట్టు. జాకీ ఎత్తి, పాన కొసకు పొడవాటి పైపు తొడిగి, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులు చేస్తారు. కట్టను కింద పెట్టి, క్లాంపులో గట్టిగా బిగించి పట్టాకే పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు విప్పుతారు. లేకుంటే నొక్కుకుని ఉన్న పట్టీలు ఒక్కసారిగా ఎగురుతాయి. వంపు పోయిన పట్టీని కొలిమిలో కాల్చి, సుత్తి దెబ్బలతో వంచి, కొత్త పట్టీ పక్కన పెట్టి సరిచూస్తారు. తర్వాత నూనెలో ముంచి గట్టిపరుస్తారు. పట్టీల మధ్య తుప్పు గీకి గ్రీజు రాస్తారు.

ఎక్కువ బరువు కోసం అదనపు పట్టీ వేయించుకోవడం పాత అలవాటు. పట్టీల సంఖ్య రెట్టింపైతే గట్టిదనం రెట్టింపవుతుంది. ఒక పట్టీ మందం రెట్టింపైతే దాని గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే అనుభవమున్న పనివాడు మందం జోలికి పోకుండా సంఖ్యతోనే సరిపెడతాడు. పట్టీ కలిపినంత మాత్రాన ఇరుసు, బ్రేకులు, టైర్లు బలపడవు. ఇరుసు మీద ఎంత బరువు వేయవచ్చో చట్టమే చెబుతుంది; 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఇరుసుకు ఆ పరిమితిని 10.2 నుంచి 11.5 టన్నులకు పెంచింది.

బొమ్మ వాహనాల్లో

ఇదే సూత్రం రేడియో కంట్రోల్ బండ్లలోనూ ఉంది. జపాన్ సంస్థ టమియా 1981లో తెచ్చిన టయోటా హైలక్స్ నమూనాకు అసలు బండికి ఉన్నట్టే ఉక్కు కమాన్లు, మూడు గేర్లు ఉండేవి. కొన్ని కిలోల బండికి ఆ కట్ట గట్టిగా ఉండటంతో రాళ్ల మీద చక్రం నేల వదిలేస్తుంది. ఔత్సాహికులు ఒకటి రెండు పట్టీలు తీసి మెత్తబరుస్తారు. ఆటోనగర్‌లో పట్టీ కలుపుతారు, బొమ్మ బండిలో తీస్తారు. రెండు చోట్లా చూసేది ఒకటే: నాలుగు చక్రాలూ నేలను పట్టి ఉన్నాయా, లేదా?

ఇటీవలి కాలం

కొసలకు పోనుపోను పలుచనయ్యే రెండు మూడు పట్టీల పారాబోలిక్ కట్టలు కొత్త లారీల్లో వస్తున్నాయి. 2001లో వోల్వో బస్సులు భారత్‌కు వచ్చాక దూరప్రాంతపు బస్సుల్లో గాలి బెలూన్ల సస్పెన్షన్ పరిచితమైంది. 2025 మార్చిలో కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం ప్రారంభమైంది. పాత లారీలకు మాత్రం ఇప్పటికీ కొలిమీ సుత్తే దిక్కు.