అలంకరింపని ముఖము

చిత్తరువు వ్రాయించుకొనువారిలో తాము ఉన్నట్లు గాక, ఉండవలెనని కోరుకొనునట్లు కనబడ గోరువారే అధికులు. ముఖ్యముగా స్త్రీల పటములలో ముడుతలను మాపి, వయస్సును తగ్గించుట పాశ్చాత్య చిత్రకారులకు చిరకాలపు అలవాటు. దానికి తలయొగ్గనివారిలో అమెరికా దేశీయుడైన థామస్ ఈకిన్స్ అగ్రగణ్యుడు.

ఈకిన్స్ 1844లో ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. 1866లో పారిస్ నగరమునకేగి జెరోమ్ వద్ద శిష్యరికము చేసెను. పిదప స్పెయిన్ దేశమున వెలాస్కెజ్, రిబేరాల చిత్రములను చూచి ముగ్ధుడయ్యెను. దేహనిర్మాణమును వైద్యకళాశాలలో స్వయముగా అభ్యసించెను. స్వదేశమున పెన్సిల్వేనియా లలితకళా అకాడమీలో అధ్యాపకుడై, 1882లో దానికి డైరెక్టరయ్యెను. విద్యార్థినులున్న తరగతిలో పురుషుని నగ్నదేహమును సంపూర్ణముగా చూపించెనన్న వివాదము చెలరేగగా, 1886లో ఆ పదవిని విడువవలసివచ్చెను.

ఆయన శిష్యురాండ్రలో అమీలియా వాన్ బ్యూరెన్ ఒకతె. 1891 ప్రాంతమున ఈకిన్స్ ఆమె చిత్తరువును వ్రాసెను. చెక్కడపు పనిగల పెద్ద కుర్చీలో ఆమె కూర్చున్నది. తల ఒక చేతిపై వాలియున్నది. రెండవ చేత విసనకఱ్ఱ. ఉడుపు గులాబి వన్నెది. వస్త్రము ఉత్సవమునకు తగినది. ముఖము మాత్రము ఉత్సవమును ఎరుగదు. ఆమెకు అప్పటికి సుమారు ముప్పదియైదేండ్ల ప్రాయము. తలలో నెరసిన వెండ్రుకలను చిత్రకారుడు దాచలేదు. ముఖమున అలసట కలదు. చూపు చూపరిపై నిలువక, వెలుతురు వచ్చు దిక్కునకు మరలినది. అయినను ఆమెను చూచి జాలిపడువారు అరుదు. ఆమె ఏమి ఆలోచించుచున్నదో యని తామును ఆలోచింతురు. ఆ అలసట వెనుక ఒక స్వతంత్రమైన మనస్సు గోచరించును. తరువాతి కాలమున ఆమె ఛాయాగ్రహణమును చేపట్టెను.

ఈ నిజాయితీకి ఈకిన్స్ చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. ప్రతిఫలము లేకయే ఆయన పలువురి పటములు వ్రాసెను. కొందరు వానిని మెచ్చక, ఇంటికి తీసికొనిపోక విడిచిరి. 1916లో ఆయన మరణించెను. మరుసటి సంవత్సరమున న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియము ఆయన స్మారక ప్రదర్శనమును జరిపెను. వాన్ బ్యూరెన్ చిత్తరువు 1927లో వాషింగ్టన్ నగరమందలి ఫిలిప్స్ చిత్రశాలకు చేరెను.

ముఖస్తుతి చేసిన పటములు ఆనాటి వేడుక తీరగనే పాతబడినవి. ఈ ముఖమును ఉన్నదున్నట్లు చూపుట ఆమెకు అవమానము కాలేదు. శిష్యురాలికి గురువు చేసిన గౌరవమే అయ్యెను.