పడవ బాడుగ, పూటకూడు

పోయిన నెలలో జర్మనీ నుంచి మా అక్క కొడుకు ఫోను చేశాడు. "పిన్నీ, వచ్చే వేసవిలో స్నేహితులం అందరం కలిసి గ్రీసు దేశంలో ఓ పడవ బాడుగకు తీసుకుంటున్నాం. వారం రోజులు సముద్రం మీదే కాపురం!" అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. మాది గురజాల. సముద్రం అంటే మాకు కార్తీక మాసంలో బస్సెక్కి సూర్యలంక పోయి, మోకాళ్ళ లోతు దిగి, చీరె తడిసిందని గొణుక్కుంటూ తిరిగి రావడమే. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తయ్యగారు మాత్రం చలించలేదు. ఎనభై దాటిన మనిషి. తీరిగ్గా రెండే ప్రశ్నలు వేశారు.

"పొద్దుగూకితే పడవ యాడ కడతారంట? బువ్వ ఎవరు పెడతారంట?"

వాడు పడిపడి నవ్వాడు. నవ్వాక, "అమ్మమ్మగారూ, మేం నెల రోజుల నుంచి తలలు బద్దలు కొట్టుకుంటున్నది సరిగ్గా ఆ రెండింటి గురించేనండీ" అన్నాడు.

వాడు చెప్పిన వైనం ఇది. ఏథెన్సు పక్కన ఆలిమోస్ అనీ, పడమటి వైపు లెఫ్కాస్ అనీ, కోర్ఫూ అనీ రేవులున్నాయట. పడవలు సాధారణంగా శనివారం నుంచి శనివారానికి బాడుగకు ఇస్తారు. నడిపే లైసెన్సు వుంటే మనమే నడుపుకోవచ్చు, లేకపోతే సరంగును కూడా మాట్లాడుకోవాలి. తూర్పున ఏజియన్ సముద్రంలో జులై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి 'మెల్టెమి' అనే గాలి రోజుల తరబడి కొడుతుంది. అందుకని కొత్తవాళ్ళు పడమటి అయోనియన్ సముద్రం వైపు పోతారు. సాయంత్రానికల్లా ఏదో ఒక లంక చేరి, ముందు వైపు లంగరు వేసి, పడవను వెనక్కి నడిపి, వెనక రెండు మోకులూ గట్టుకు కట్టాలి. గట్టు మీదే 'తవెర్నా' అని చిన్న భోజనశాల వుంటుంది. కొన్ని చోట్ల ఆ భోజనశాలవాళ్ళే వచ్చి మోకు అందుకుని కడతారట. రాత్రి భోజనం అక్కడే చేస్తే కట్టుబడికి డబ్బు అడగరట!

"అట్టా చెప్పు. పూటకూళ్ళిల్లు" అని అత్తయ్యగారు మళ్ళీ చిక్కుళ్ళలో పడ్డారు.

ఆ మాట నా మనసులో దిగబడిపోయింది. ఎందుకంటే, ఇప్పుడు మనవాడు వాళ్ళ సముద్రానికి పోతున్నాడు గానీ, ఒకప్పుడు వాళ్ళే మన సముద్రానికి వచ్చారు.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఈజిప్టు వైపు నుంచి వచ్చే ఒక వర్తకుడు గ్రీకు భాషలో ఓ చిన్న పుస్తకం రాశాడు. దాన్ని పెరిప్లస్ అంటారు. ఏ రేవు ఎక్కడుంది, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఏ నెలలో బయల్దేరాలి అన్నీ అందులో వున్నాయి. ఇండియాకు వచ్చేవాళ్ళు జులైలో బయల్దేరాలంటాడు. నైరుతి గాలి తోడుంటుందని. మన కోస్తాను అతను మసాలియా అన్నాడు. అక్కడ సన్నటి నూలు బట్టలు మెండుగా నేస్తారని రాశాడు. ఆ తర్వాత నూరేళ్ళకు టోలెమీ అనే పండితుడు కొంటకొస్సుల అనే వర్తకపు రేవును పేర్కొన్నాడు. అది మన కృష్ణా జిల్లా ఘంటసాల అని చరిత్రకారులు తేల్చారు. ఇప్పుడు ఘంటసాలలో నిలబడితే సముద్రం కనపడదు, వినపడదు. నది తెచ్చిన ఒండ్రు తీరాన్ని అంత దూరం నెట్టేసింది.

పడవలు కట్టే చోటు సరే. మరి వచ్చినవాళ్ళకు నీడ ఎవరిచ్చారు? అత్తయ్యగారి రెండో ప్రశ్న అక్కడే వుందిగా!

దీనికి జవాబు కొంత మా పల్నాడులోనే దొరికింది. మాచర్ల దాటి పోతే వచ్చే నాగార్జునకొండ లోయ మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల విజయపురి. ఆ రాజులు అశ్వమేధాలు చేస్తూంటే, వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు బౌద్ధ స్తూపాలూ విహారాలూ కట్టించారు. మహాచైత్యాన్ని కట్టించిన చాంతిసిరి, వీరపురుషదత్తుడనే రాజుకు స్వయానా మేనత్త, పిల్లనిచ్చిన అత్తగారు కూడా. రాణులూ రాజబంధువులే కాదు, బోధిసిరి అనే గృహస్థురాలు కూడా వుంది. ఆమె పేరిట ఒక పెద్ద శాసనం దొరికింది. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ఒక చైత్యగృహం కట్టించింది. ఇంకా ఎక్కడెక్కడ ఏమేం చేసిందో వరసగా చెప్పుకుంది. ఒకచోట చెరువు, ఒకచోట గదులు, ఒకచోట మండపం. ఆ వరసలో కంటకసెలలో మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం అని కూడా వుంది. కంటకసెల అంటే టోలెమీ చెప్పిన కొంటకొస్సులే. మన ఘంటసాలే!

చూశారా! కృష్ణ ఎగువన లోయలో శాసనం వేయించిన ఇల్లాలు, అదే నది దిగువన రేవు పట్నంలో మండపం కట్టించింది. గ్రీకు పండితుడు రేవు పేరు రాసుకున్నాడు. మన బోధిసిరి ఆ రేవు ఊళ్ళో పదిమందికి నీడ కల్పించింది. అంతే కాదు, తన అత్తింటివాళ్ళనూ పుట్టింటివాళ్ళనూ కూడా ఆ పుణ్యంలో కలుపుకుంది. ఆడదాని లెక్క ఎప్పుడూ అంతే కదా!

మా గురజాల దగ్గర కృష్ణ పెద్ద పడవలకు లొంగే నది కాదు. బండలు, సుడులు. పాతరోజుల్లో దాటడానికి తోలు కప్పిన గుండ్రటి పుట్టి వుండేది. గంపలో కూర్చున్నట్టే. అయినా ఈ ఒడ్డున సత్రశాల అనే ఊరుంది చూడండి, మల్లికార్జునస్వామి గుడి వున్న చోటు. సత్రం అంటే మొదట యాగం, తర్వాత నలుగురికీ అన్నం పెట్టే ఇల్లు. మాట ఒకటే, యజ్ఞం దగ్గర మొదలై విస్తరి దగ్గరికి వచ్చి ఆగింది.

సత్రంలో అన్నం పుణ్యానికి. పూటకూళ్ళింట్లో అన్నం డబ్బుకు. ఈ రెండోదాని వైభవం తెలియాలంటే మా పల్నాటి పక్కూరి పేరు పెట్టుకున్న వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామం చదవాలి. అది శ్రీనాథుడి రచనే అనేవాళ్ళూ వున్నారు, ఆ తగువు మనకొద్దు. అందులో ఓరుగల్లు చూడబోయిన ఇద్దరు మిత్రులకు పూటకూటి ఇంట్లో సన్నన్నం, గోధుమ పిండివంట, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపళ్ళు, గడ్డపెరుగు దొరికాయి. అంతా కలిపి ఒక్క రూక! ఇంటివాడి పేరు లక్ష్మణవజ్ఝల. వండినవాళ్ళ పేరు మాత్రం లేదు.

తర్వాత కాలంలో కోస్తా ఊళ్ళలో ఈ పని చాలావరకు వితంతువుల చేతికి వచ్చింది. చిన్నతనంలోనే పసుపు కుంకాలు పోయి, పెళ్ళి పేరంటాలకు పనికిరానిదైన మనిషి, పొయ్యి ముందు మాత్రం పనికొచ్చింది. పదిమందికి వండి, తన తిండి తాను తిన్నది. ఆమె అన్నం తిన్నవాళ్ళే ఆమె మీద చెవులు కొరుక్కున్నారు కూడా. 1892లో మొదటిసారి ఆడిన గురజాడవారి కన్యాశుల్కంలో గిరీశం తిని ఎగ్గొట్టింది ఎవరి అన్నం? పూటకూళ్ళమ్మ అన్నం. నాటకంలో మధురవాణికి పేరుంది, బుచ్చమ్మకు పేరుంది, మీనాక్షికి పేరుంది. ఆ అన్నపూర్ణ మాత్రం పూటకూళ్ళమ్మ, అంతే.

ఇదంతా నేను అత్తయ్యగారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లగా ఒక సంగతి చెప్పారు.

అత్తయ్యగారి పుట్టిల్లు దుగ్గిరాల వైపు. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక తవ్విన కాలువలతో కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవల దారి ఏర్పడింది. అందులో కృష్ణను బకింగ్‌హాం కాలువతో కలిపేది కొమ్మమూరు కాలువ. ఆవిడ ఏడెనిమిదేళ్ళ పిల్లగా తల్లితో కలిసి ఆ కాలువ మీద మేనత్తగారి ఊరికి పడవలో పోయారట. గాలి వుంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. లాకుల దగ్గర పడవ ఆగింది. చీకటి పడింది, వాన మొదలైంది. గట్టు మీద ఓ గుడిసెలో దీపం కనిపించింది.

"తెల్లచీర ముసుగేసుకున్న ఒకావిడ లాంతరు పట్టుకుని వచ్చిందమ్మాయ్. 'పిల్లకి ఆకలవుతుందేమో, ముందు దాన్ని దించండి' అంది. వేడన్నం, గోంగూర, ఇంత మజ్జిగ. మా అమ్మ డబ్బులియ్యబోతే పిల్ల వంతు లెక్కెయ్యలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని పెళ్ళిభోజనాలు తిన్నానో! ఆ ముద్ద మర్చిపోలా. ఆవిడ పేరు మేం అడగలా. అడగాలని తోచలా."

పేరు తోచలేదు! పల్నాటివాళ్ళకు ఆడవాళ్ళ పేర్లు గుర్తుండవని కాదు. పన్నెండో శతాబ్దంలో మా గురజాలలో నలగామరాజు దగ్గర చక్రం తిప్పిన నాయకురాలు నాగమ్మ పేరు తిట్టడానికో మెచ్చుకోవడానికో ఇవాళ్టికీ తలుస్తాం. రాతి మీద చెక్కించుకున్న బోధిసిరి పేరు పదిహేడు వందల ఏళ్ళు నిలిచింది. అన్నం మీద ఎవరూ పేరు చెక్కరు కదా. తిన్నవాడు గుర్తుపెట్టుకుంటేనే వుంటుంది.

మొన్న ఆదివారం అత్తయ్యగారిని నాగార్జునకొండకు తీసుకుపోయాం. 1955లో నెహ్రూగారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. నీళ్ళు నిండేలోగా తవ్వకాలవాళ్ళు లోయంతా గాలించి, దొరికినవాటిని కొండ మీదికీ అనుపుకూ చేర్చారు. లోయ మునిగింది, ఊళ్ళూ మునిగాయి. కొండ లంకయింది. విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కితే ముక్కాలు గంట పైనే పడుతుంది. మ్యూజియంలో ఒక్కో రాయి ముందూ ఆగుతూ అత్తయ్యగారు అడిగింది ఒకటే. "ఇది కట్టించిందెవరంట? పేరేంటంట?"

తిరిగి వచ్చేటప్పుడు రేవు దగ్గర ఒకామె గంపలో వేయించిన చేపలు అమ్ముతోంది. మేం తినం గనక పక్కనున్న మజ్జిగ కొనుక్కున్నాం. అత్తయ్యగారు గ్లాసు తిరిగిచ్చేస్తూ, "నీ పేరేందమ్మా?" అన్నారు. ఆమె ఆశ్చర్యంగా చూసి, సిగ్గుపడి, చెప్పింది. ఇంటికొచ్చేదాకా అత్తయ్యగారు ఆ పేరు రెండుమూడుసార్లు పైకి అనుకున్నారు.

ఆ రాత్రి జర్మనీకి నేనే ఫోను చేశాను. "ఒరేయ్ నాయనా! గాలి చూసుకో, లంగరు చూసుకో, పొద్దుండగానే రేవు చేరు. గట్టు మీద నీకు అన్నం పెట్టినావిడ ఎవరో, పేరడిగి రాసుకు రా. మీ అమ్మమ్మగారు అడుగుతారు" అన్నాను.