ఇంజను దొరికి ఉంటే...

మా మేనత్తగారిది తాడేపల్లిగూడెం. చిన్నప్పుడు సెలవులకి వెళితే, సాయంత్రం పూట మా పిల్లమూకనంతా రన్‌వే మీదికి తోలేసేది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తెల్లదొరలు వేయించిన రన్‌వే అది. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖపట్నం మీదా, మన కాకినాడ మీదా బాంబులు వేశారు కదా, ఆ భయం రోజుల నాటిదన్నమాట. యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్ళిపోయారు, రన్‌వే మిగిలింది. "విమానం ఎప్పుడొస్తుందత్తా?" అంటే, "వస్తుందిలే, ముందు కాళ్ళకి చెప్పులు తొడుక్కో" అనేది.

ఆ రన్‌వేకి ఈడైన విమానాన్ని నేను చూసింది ఈమధ్యనే, బెంగుళూరులో. అమ్మాయి దగ్గరికి వెళితే, మనవడు విశ్వేశ్వరయ్య మ్యూజియానికి లాక్కెళ్ళాడు. అక్కడో యుద్ధవిమానం నిలబెట్టి ఉంది. "దీని పేరు మారుత్ అమ్మమ్మా" అన్నాడు. నాకు మారుతి అని వినబడి, చెంపలు వేసుకున్నాను. వాడు ఒకటే నవ్వు.

దాని కథ వింటే మాత్రం నవ్వు రాదు. కుర్ట్ టాంక్ అని ఓ జర్మన్ ఇంజనీరు. హిట్లరు కాలంలో పేరుమోసిన యుద్ధవిమానాలు గీసిన చెయ్యి. జర్మనీ ఓడిపోయాక మారుపేరుతో అర్జెంటీనా చేరి, అక్కడ 1950లో పుల్కీ 2 అనే జెట్ విమానం ఎగరేశాడు. అవి అయిదంటే అయిదే చేశారు. 1955లో అధ్యక్షుడు పెరోన్ గద్దె దిగాడు, టాంక్‌గారి కొలువూ పోయింది. మరుసటేడు ఆయన్ని మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌వాళ్ళు పిలిపించుకున్నారు. ముందు చెక్కతో, ఇంజను లేకుండా ఓ నమూనా చేశారు. 1959లో డకోటా విమానం దాన్ని పైకి లాక్కెళ్ళి వదిలేది. అసలు మారుత్ 1961 జూన్ 17న ఎగిరింది. నడిపినవారు వింగ్ కమాండర్ సురంజన్ దాస్.

ఇంతా చేసి, చిక్కల్లా ఇంజను దగ్గరే వచ్చింది. ధ్వనికి రెండింతల వేగంతో వెళ్ళాలని గీసిన విమానం. దానికి సరిపడే ఇంజను తయారుచెయ్యడానికి ఇంగ్లండు కంపెనీ ఖర్చు పెట్టుకోమంది. మనవాళ్ళు కాదన్నారు. ఊరంతటికీ శుభలేఖలు పంచి, సన్నాయిమేళం దగ్గర బేరాలాడినట్టు! చివరికి ఉన్న చిన్న ఇంజన్లే రెండు బిగించారు. ధ్వని వేగం అందుకోవడమే గగనమైంది.

ఆ తరువాత, ఈజిప్టులో బ్రాండ్నర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు కొత్త ఇంజను చేస్తున్నాడని తెలిసి, ఒకే ఒక్క మారుత్‌ని అక్కడికి పంపారు. 1967లో ఆ ఇంజనుతో ఎగిరింది కూడాను. అదే ఏడు జూన్‌లో ఈజిప్టుకీ ఇజ్రాయెల్‌కీ యుద్ధం. రెండేళ్ళకి ఆ ప్రయత్నమూ అటకెక్కింది. ఇక 1970 జనవరి 10న, ఇంజను బలం పెంచిన మరో నమూనాని పరీక్షిస్తూ సురంజన్ దాస్ కూలిపోయి ప్రాణాలు వదిలారు. బెంగుళూరులో ఆయన పేరున రోడ్డుంది. ఆ బోర్డు కనిపించినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. మరుసటేడు యుద్ధంలో, ఆ చాలీచాలని ఇంజన్లతోనే మారుత్‌లు ఎడారి మీద దాడులు చేశాయి. గాలిలో శత్రువిమానాల చేతికి ఒక్కటీ చిక్కలేదు.

మరి ఆ డబ్బేదో ఇచ్చేసి ఉంటే? మధ్యాహ్నం కునుకు పట్టనప్పుడు నేనే ఓ చరిత్ర రాసేసుకుంటాను. 1965 కల్లా అనుకున్న వేగంతో మారుత్ వచ్చేసింది. రష్యా మిగ్ 21ల అవసరం సగమైంది. టాంక్‌గారి దగ్గర పని నేర్చినవాళ్ళు రెండో విమానం, మూడో విమానం గీశారు. లెక్క 147తో ఆగిపోలేదు. తేజస్‌లాంటిది ఎగరడానికి 2001 దాకా ఆగక్కరలేకపోయింది. ఓ సాయంత్రం మా గూడెం రన్‌వే మీద మారుత్ దిగింది, మా అత్త చెప్పులు మరిచిపోయి పరిగెత్తింది!

"అంత సులువా అత్తయ్యగారూ?" అంటాడు అల్లుడు. "డబ్బిచ్చినా ఆ ఇంజను వేళకి వచ్చేదని నమ్మకమేముంది? అప్పట్లో గోధుమల కోసమే అమెరికా ఓడలకి ఎదురుచూశాం."

అతనన్నదీ నిజమే. ఒప్పుకోబుద్ధి కాదు, అంతే.

తేజస్ కోసమని మనవాళ్ళు సొంతంగా మొదలెట్టిన ఇంజనుకి కావేరి అని పేరు పెట్టారు. అదీ తేజస్‌కి అందలేదు, అమెరికా ఇంజనే పెట్టుకోవలసివచ్చింది. "గోదావరి అని పెట్టవలసింది" అంటుంది మా వదిన. ఆవిడకి కూరలో ఉప్పు తగ్గినా గోదావరి నీళ్ళు కాకపోవడం వల్లే.