రూఢి చేసుకోని నమ్మకం: 1948 చెప్పే పాఠం



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త (స)పై దరూద్ పఠించిన పిదప, మన నేల చరిత్రలోని ఒక ఘట్టాన్ని నేడు జ్ఞాపకం చేసుకుందాం.

మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాలు 1948లో హైదరాబాద్ సంస్థానంలోనివి. ఆ సంస్థాన జనాభాలో అత్యధికులు హిందువులు. అయినా రజాకార్ల నాయకుడు, లాతూరు న్యాయవాది ఖాసిం రజ్వీ ఢిల్లీ ఎర్రకోటపై ఆసఫ్‌జాహీ జెండా ఎగురవేస్తామని సభల్లో ప్రకటించాడు. చదువూ వాగ్ధాటీ గల ఆ మనిషి మాటను వేలాదిమంది నమ్మారు. సందేహించినవాడు ద్రోహి అయ్యాడు.

‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకులు షోయబుల్లా ఖాన్, సంస్థానం భారతదేశంలో చేరాలని కోరిన ఏడుగురు ముస్లిం ప్రముఖుల ప్రకటనను అచ్చువేశారు. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడ ప్రాంతంలో ఆయనపై దాడి చేసి, చేయి నరికి, కాల్చి చంపారు. అదే నెల 27న నేటి సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో రజాకార్లు గ్రామస్థులను ఊచకోత కోశారు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయారు. ఎర్రకోట మాట ఐదు రోజులైనా నిలవలేదు. ఆ వెంటనే చెలరేగిన హింసలో, ముఖ్యంగా మరాఠ్వాడా జిల్లాల్లో, ముస్లింలు పెద్దసంఖ్యలో హతులయ్యారు. సుందర్‌లాల్ కమిటీ మృతుల సంఖ్యను 27 వేల నుంచి 40 వేల వరకు అంచనా వేసింది. చంపినవారి పాపం చంపినవారిదే. అందులో సందేహం లేదు. కాని రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఎక్కడికీ పోలేని పేదలు మాత్రం ఇక్కడే మిగిలి మూల్యం చెల్లించారు.

ఎవరైనా ఒక వార్త తెస్తే రూఢి చేసుకోమని, లేకుంటే తెలియక ఒక జనసమూహానికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని సూరా హుజురాత్ 6వ ఆయతు మనల్ని హెచ్చరిస్తున్నది. మదీనా పండితులు ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహ్) ఎన్నో ప్రశ్నలకు “నాకు తెలియదు” అని జవాబిచ్చేవారు. ఆ మాట వల్ల ఆయన గౌరవం తగ్గలేదు, పెరిగింది.

నేడు ఎన్నికలు రాగానే షిఫ్టు ముగించి వచ్చేసరికి మన ఫోన్లు కుట్రకథలతో నిండిపోతున్నాయి. ఫలానావారు మనల్ని తుడిచిపెట్టడానికి ఒక్కటయ్యారని ఒక సందేశం. అవతలివారి ఫోన్లలో మనపై అదే సందేశం. పంపినవాడు ఎవరో తెలియదు. ఒకే యంత్రం వద్ద పనిచేసే ఇద్దరు మాత్రం మరునాడు మాట్లాడుకోరు. కాబట్టి ఓటు వేద్దాం, ప్రశ్నిద్దాం, అన్యాయం జరిగితే చట్టం ద్వారా ఎదుర్కొందాం. రూఢి కాని మాటను మాత్రం మన చేతితో ముందుకు పంపవద్దు.

తెలియనిదాన్ని తెలియదని చెప్పే ధైర్యం అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.