తన గ్రంథమును తానే ప్రకటించుట

గ్రంథరచన యొక యెత్తు, గ్రంథప్రకటన యొక యెత్తు. అచ్చొత్తించు స్తోమత లేక, ఆదరించు ప్రభువులు లేక, వ్రాతప్రతులు పెట్టెలలోనే చెదలపాలగుట మన సారస్వతమునకు క్రొత్త గాదు. కందుకూరి వీరేశలింగముగారు 1874లో ‘వివేకవర్ధని’ని వెలయించి, మొదట చెన్నపట్టణమున అచ్చొత్తించి, పిదప రాజమహేంద్రవరమున సొంత ముద్రణాలయమును నెలకొల్పుకొనిరి. తన మాటకు తానే త్రోవ వేసికొనవలెనను ఆ తపనయే, నూటముప్పది యేండ్ల పిమ్మట, కాగితము లేని పుస్తకమున మరల కానవచ్చినది.

కాగితము లేని పుస్తకమునకు పుట్టినదినముగా పలువురు 1971 జూలై 4ను చెప్పుదురు. ఆనాడు అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మైకేల్ హార్ట్ అను విద్యార్థి తమ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరులో టైపు చేసి, ఇతరులకు అందుబాటులో నుంచెను. ‘ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్’ అను ఉచిత గ్రంథభాండారమునకు అదియే నాంది. అయినను, చదువుటకు అనువైన పరికరమును, అమ్ముటకు అంగడియు లేక, సామాన్య రచయితకు దానివలన చిరకాలము ఫలము దక్కలేదు.

2007 నవంబరు 19న అమెజాన్ సంస్థ ‘కిండిల్’ అను పఠన పరికరమును విడుదల చేసి, రచయితలు తమ గ్రంథములను స్వయముగా చేర్చి అమ్ముకొను వేదికను దానితోడనే తెరచినది. మరుసటి యేడు మార్క్ కోకర్ ‘స్మాష్‌వర్డ్స్’ను స్థాపించెను. రచయిత ఒక్కమారు ఒప్పగించిన ప్రతిని పలు అంగళ్లకు పంపుట దాని పని. 2010లో అమెజాన్, 2.99 మొదలు 9.99 డాలర్ల వెల గల పుస్తకములపై, పంపిణీ ఖర్చు పోగా, నూటికి 70 వంతులు రచయితకే ఇచ్చు పద్ధతిని పెట్టినది. అంతకు ముందు 35 వంతులే. అచ్చు పుస్తకమున రచయితకు సాధారణముగా దక్కునది ఇంచుమించు పదవవంతు.

ఈ మార్పు ఎందరి తలరాతనో మార్చినది. ప్రచురణకర్తలు పలుమారులు త్రిప్పిపంపిన అమండా హాకింగ్ అను యువతి 2010 ఏప్రిలులో తన నవలలను తానే విక్రయింప నారంభించి, ఏడాదిలోపే పదిలక్షల ప్రతులకు మించి అమ్మెను. 2011లో సెయింట్ మార్టిన్స్ ప్రెస్ ఆమెతో ఇరువదిలక్షల డాలర్లకు మించిన ఒడంబడిక చేసికొనెను. తిరస్కరించిన తలుపులే పిలిచి తెరచుకొన్నవన్నమాట! ఆండీ వియర్ వ్రాసిన ‘ది మార్షియన్’ సైతము 2011లో కిండిల్‌పై 99 సెంట్లకు అమ్ముడైన నవలయే. 2015లో అది చలనచిత్రమైనది.

అయితే ఈ స్వేచ్ఛకు హద్దులు లేవనుకొనరాదు. హక్కులు లేని యొక సంస్థ ఈ మార్గముననే చేర్చిన జార్జి ఆర్వెల్ గ్రంథములు ‘1984’, ‘యానిమల్ ఫార్మ్’లను 2009 జూలైలో అమెజాన్ కొనుగోలుదారుల పరికరములనుండి దూరమునుండియే తొలగించినది. సొమ్ము తిరిగి యిచ్చినది. అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పెను. కాని, కొన్న పుస్తకము కొన్నవానిదేనా యను సందేహము మాత్రము నిలిచిపోయినది. యంత్రములు వ్రాసిన పుస్తకములు వెల్లువెత్తుటతో, రోజునకు మూడు గ్రంథములకు మించి చేర్చరాదని అదే సంస్థ 2023లో కట్టడి విధించినది.

మన మాట యేమి? 2016 డిసెంబరులో కిండిల్ అంగడిలో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళ భాషలకు చోటు దొరకినది. ఆ యైదింటిలో తెలుగు లేదు. ఆ కొరతను తీర్చుటకు ‘కినిగె’ వంటి మనవారి వేదికలు పాటుపడినవి.

ద్వారపాలకుడు తొలగినంతమాత్రమున ద్వారము రచయితదైపోదు. ఆ ద్వారమునకు యజమాని మారినాడు, అంతియే. కావున రచయిత తన ప్రతిని ఒక్క అంగడికే ధారపోయక పలుచోట్ల భద్రపరచుకొనుటయు, సరిదిద్దగల మిత్రునకు ముందు చూపుటయు మేలని మా విన్నపము. మంచిచెడ్డల నెంచు భారము ఇక పాఠకులదే.